పేరు చెప్పకపోతే నోరు లేవదు

ఆపరేషన్ థియేటర్లో కోత పెట్టబోయే ముందు ఒక్క నిమిషం ఆగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన చెక్‌లిస్టు. అందులో మొత్తం 19 అంశాలు. రోగి ఎవరు, చేసేది ఏ ఆపరేషన్, కుడివైపా ఎడమవైపా, యాంటీబయాటిక్ పడిందా, చివర్లో సూదుల, గాజుగుడ్డల లెక్క సరిపోయిందా... ఇవన్నీ ఎవరైనా ఊహించేవే. వాటి మధ్య ఒకటి మాత్రం వింతగా కనిపిస్తుంది: అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని ఏమిటో పైకి చెప్పాలట. మన థియేటర్లలో ఎక్కువగా నవ్వులాటగా గడిచిపోయేది ఇదే. సార్‌ని సార్ అంటే చాలు, సిస్టర్‌ని సిస్టర్ అంటే చాలు. హౌస్ సర్జన్‌కైతే ‘ఏయ్ బాబూ’ కూడా ఎక్కువే.

ఎంబీబీఎస్ పిల్లలకు రోగి భద్రత నేర్పడం మొదలుపెట్టాల్సింది సరిగ్గా ఆ అంశం దగ్గరే. మొదట పేరు చెప్పడానికే నోరు విప్పని మనిషి, ప్రమాదం కనిపించినప్పుడు పెద్దల ముందు నోరెలా విప్పుతాడు?

2005లో ఇంగ్లండులో సైనస్ ఆపరేషన్ కోసం మత్తిచ్చిన ఒక మహిళకు శ్వాసగొట్టం పడలేదు. అనుభవంలో ఏ లోటూ లేని ముగ్గురు వైద్యులు గొట్టం వేయడం మీదే దృష్టి పెట్టి, అదే పనిలో ఉండిపోయారు. ఒంట్లో ఆక్సిజన్ పడిపోతున్నా ఎంత సేపైందో వాళ్లకు తెలియలేదు. ఒక నర్సు మెడ దగ్గర దారి తెరిచే పరికరాలు తెచ్చి, సిద్ధంగా ఉన్నాయని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఐసీయూలో బెడ్ సిద్ధం చేయమని ఫోన్ చేసి, వైద్యులు అతి చేస్తున్నావన్నట్టు చూడగానే మళ్లీ వద్దని చెప్పింది. ఆ మహిళ 13 రోజులకు చనిపోయింది. ఏం చేయాలో గదిలో కొందరికి తెలుసు, వాళ్లంతా చిన్న హోదా వాళ్లు.

ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. కెప్టెన్ పొరపడుతుంటే కో-పైలట్ అడ్డుచెప్పడం వాళ్ల శిక్షణలో ఒక పాఠం. ఆయన ఎవరికో శిక్ష పడాలని పట్టుబట్టలేదు. వైద్యులకూ అలాంటి శిక్షణ ఉండాలంటూ 2007లో ఒక సంస్థనే పెట్టాడు.

చెక్‌లిస్టు అచ్చువేసి గోడకు అంటిస్తే సరిపోతుందా అంటే, దానికి జవాబు లెక్కల్లోనే ఉంది. మన ఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లో ప్రయత్నించినప్పుడు ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి దిగాయని 2009లో తేలింది. దుష్ఫలితాలు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు ఇలాంటి చెక్‌లిస్టునే ప్రభుత్వం చెప్పిందని మొదలెట్టాయి. దాదాపు నూటికి నూరు శాతం పాటిస్తున్నామని తామే చెప్పుకున్నాయి. 2014లో చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు అధ్యయనాల పద్ధతి వేరు, నిజమే. అయినా టిక్కు పెట్టడానికీ పని చేయడానికీ మధ్య దూరం ఎంతో, మన కాలేజీల్లో లాగ్‌బుక్కులు పరీక్షల ముందు రాత్రి ఎలా నిండుతాయో చూసినవాళ్లకు వేరే చెప్పాలా?

వైద్య కళాశాలల కోసం 11 పాఠాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శిని తెచ్చింది. మన దగ్గర 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ప్రవర్తన, నైతికత, సంభాషణల మీద ‘ఎట్‌కామ్’ తరగతులు చేరాయి. మంచిదే. కానీ తరగతిలో విన్నది వార్డులో అడుగుపెట్టగానే తలకిందులవుతుంది.

ఒక ప్రసూతి వార్డునే చూడండి. ఆదిలక్ష్మి, వెంకటలక్ష్మి, వరలక్ష్మి, ఉత్త లక్ష్మి ఒకే వరుసలో ఉంటారు. ‘లక్ష్మి ఎవరమ్మా?’ అని కేకేస్తే ముందు చెయ్యెత్తేది ఎక్కువ భయపడుతున్న మనిషి. హౌస్ సర్జన్ నలుగురి దగ్గరా గబగబా రక్తం తీసి, ట్యూబులు ట్రేలో వేసుకుని, నర్సింగ్ స్టేషన్‌కి వచ్చి తీరిగ్గా పేర్లు రాస్తాడు. గ్రూపు తారుమారై వేరే రక్తం ఎక్కే ప్రమాదం బ్లడ్‌బ్యాంకు కంటే ముందు ఇక్కడే పుడుతుంది. కుర్రాడిని కసిరితే రేపు వచ్చే కుర్రాడూ అదే చేస్తాడు. రాసే పెన్ను, అంటించే లేబులు బెడ్ దగ్గర లేకపోవడం అసలు కారణం కావచ్చు.

నాణ్యత మెరుగుదల అని పెద్ద పేరు పెట్టుకున్నది ఇలాంటి కారణాన్ని వెతికి సరిచేసే పనికే. ఢిల్లీ ఎయిమ్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం కలిసి రూపొందించిన ‘పీఓసీక్యూఐ’ శిక్షణలో దీన్ని నాలుగు మెట్లుగా చెబుతారు: సమస్యను ఎంచుకుని జట్టు కట్టడం, కారణం వెతికి కొలవడం, చిన్న మార్పు చేసి చూడడం, పనిచేస్తే నిలబెట్టుకోవడం. ఏడాది హౌస్ సర్జన్సీలో ఒక్కొక్కరు ఇలాంటి పని ఒక్కటి పూర్తిచేయొచ్చు. బెడ్ దగ్గరే లేబుల్ అంటించిన ట్యూబులు వారానికి ఎన్నో గీత గీసి వార్డు గోడ మీద పెట్టమనండి. దీనికి బడ్జెట్టూ అక్కర్లేదు, ప్రత్యేక విభాగమూ అక్కర్లేదు.

అక్కర్లేనిది డబ్బు, కావలసింది ప్రొఫెసర్. మరణాల సమీక్ష సమావేశంలో ఇవాళ పీజీ నిలబడతాడు, మిగతావాళ్లు ప్రశ్నలతో కడిగేస్తారు. ఏడాదిలో మొదటి సమావేశానికి విభాగాధిపతే తన సొంత కేసు తెచ్చి, తాను ఎక్కడ పొరబడ్డారో తానే చెప్పాలి. హౌస్ సర్జన్లను కూడా ఆ గదిలో కూర్చోబెట్టాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆ గంటలో వాళ్లు ల్యాబ్ నుంచి రిపోర్టులు మోస్తుంటారు.