యెషయా చేతిలో గ్లోబు పెట్టకండి

ఉజ్జీవ సభల్లో ఈమధ్య సైన్సు పాలు ఎక్కువైంది. యెషయా గ్రంథం 40వ అధ్యాయం 22వ వచనం తెర మీద వేస్తారు. పక్కనే నాసావాళ్లు తీసిన నీలి భూమి ఫొటో. "సైంటిస్టులు పుట్టకముందే భూమి గుండ్రమని మన బైబిలు చెప్పింది" అనగానే పందిరంతా హల్లెలూయా. ఇంటికొచ్చి ఫోను తెరిస్తే ఇంకొకాయన అదే బైబిలు పట్టుకుని భూమి బల్లపరుపని వాదిస్తుంటాడు. ఆయనకు ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలోని 'భూమి నాలుగు మూలలు' దొరికాయి. ఇద్దరూ చూపించేది స్ట్రాంగ్స్ నంబర్లే. ఉద్యోగమంతా హైస్కూల్లో సోషల్ చెప్పి, ఆదివారాలు సండే స్కూలు నడిపినదాన్ని కనుక ఈ గొడవ నాకు రెండు వైపుల నుంచీ తగులుతూనే ఉంటుంది. నన్నడిగితే యెషయాకు గ్లోబుతో పనే లేదు. బలవంతాన ఆయన చేతిలో పెడితే ఆయనకూ మర్యాద కాదు, భూమి గుండ్రమని తంటాలుపడి తేల్చినవాళ్లకూ మర్యాద కాదు.

స్ట్రాంగ్స్ సంగతి తెలియనివారికోసం చెబుతాను. జేమ్స్ స్ట్రాంగ్ అనే అమెరికా ప్రొఫెసరు వందమందికి పైగా సాయంతో తయారుచేసి 1890లో అచ్చు వేయించిన పదసూచిక అది. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో అక్షరక్రమంలో ఉంటుంది. ప్రతి వరస చివరా ఒక నంబరు. ఆ నంబరు పట్టుకుని పుస్తకం వెనక్కి వెళితే అసలు హీబ్రూ మాట, ముక్తసరిగా దాని అర్థం దొరుకుతాయి. నా దగ్గరున్నది మా మామగారిది, అట్ట ఊడిపోతే గుడ్డ అతికించి వాడుకుంటున్నాను. అందులో 'సర్కిల్' కింద ఒకే ఒక్క వరస ఉంది, యెషయా 40:22. నంబరు 2329. వెనక్కి తిప్పితే 'హూగ్'. అర్థం వృత్తం.

బోధకులు చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ అదే వరసలో ఇంకో రెండు ఇంగ్లీషు మాటలున్నాయి, సర్క్యూట్, కంపాస్ అని. ఇదే హూగ్‌ను వేరేచోట్ల అలా అనువదించారన్నమాట. ఆ చోట్లు యోబు 22:14, సామెతలు 8:27. యోబులో దేవుడు ఆకాశపు వలయం మీద నడుస్తాడు. సామెతల్లో అగాధ జలాల మీద వలయం గీస్తాడు. నీళ్ల మీద గీసిన గీత బంతి ఎలా అవుతుంది? అదే ధాతువులోంచి పుట్టిన ఇంకో మాట యెషయా 44:13లో వడ్రంగి చేతిలో ఉంది. కొయ్య మీద గుండ్రంగా గీత గీసుకునే పనిముట్టు పేరది. 1906 నాటి బ్రౌన్-డ్రైవర్-బ్రిగ్స్ హీబ్రూ నిఘంటువు హూగ్‌కు ఆకాశపు కప్పు, దిగంతం అనే అర్థాలిచ్చింది. మేడెక్కి చుట్టూ చూస్తే నేల, నింగి కలిసే గీత గుండ్రంగా కనపడుతుంది కదా, అది. మన తెలుగు బైబిల్లో అక్కడ 'భూమండలం' అని ఉంది. మండలమంటే ఇప్పుడు మనకు గుర్తొచ్చేది ఎమ్మార్వో ఆఫీసు గానీ, ఆ పాత అనువాదకులు వృత్తం దగ్గరే నిలబడ్డారు.

పోనీ యెషయా గ్రంథానికి బంతి తెలియదా అంటే, తెలుసు. 22వ అధ్యాయంలో షెబ్నా అనే పెద్ద అధికారిని ఉండచుట్టి బంతిలా విశాల దేశంలోకి విసిరేస్తానంటాడు దేవుడు. అక్కడ వాడిన మాట వేరు. నేటి ఇజ్రాయెల్‌లో భూగోళాన్ని 'కదూర్ హాఆరెత్స్' అంటారు. ఆ కదూర్ షెబ్నా బంతికి చుట్టం, హూగ్‌కు కాదు.

మరి గ్లోబు 40:22లోకి ఎలా దూరింది? అనువాదకుల చేతి మీదుగా. జెరోము లాటిన్ బైబిల్లో ఉన్నది వలయమే. దాన్నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన కేథలిక్కుల డౌవే-రీమ్స్ బైబిల్లో మాత్రం 'గ్లోబ్' కూర్చుంది. స్పానిష్ రెయినా-వలేరా బైబిలు 1909 ముద్రణలో గ్లోబు అంది, 1960కి వచ్చేసరికి దిద్దుకుని వృత్తం అంది. ఆ దిద్దుబాటుకు నేను దండం పెడతాను. ఇప్పటికీ మిగిలున్న గ్లోబుల్లో పాతది మార్టిన్ బెహైమ్ 1492లో న్యూరెంబర్గ్‌లో చేయించినది. అందులో అమెరికాయే లేదు. అలాంటివి పండితుల బల్లల మీద తిరుగుతున్న కాలంలో అనువాదకుడి కలానికి గ్లోబు తగలడంలో వింతేముంది?

ఈ జబ్బు మా మతంవాళ్లకే ఉందనుకోకండి. 'భూగోళం' అన్న మాటలోనే గోళం ఉంది, మనవాళ్లకు తెలియనిదేముంది అని మా స్టాఫ్‌రూములో తెలుగు మాస్టారు అంటుండేవారు. క్యాలెండర్లలో వరాహస్వామి కోరల మీద కూడా ఖండాలతో సహా గ్లోబే ఉంటుంది. మన పురాణాల్లోని భూమి నడుమ మేరువు, చుట్టూ ద్వీపాలు, సముద్రాలు ఉన్న చదునైన నేల. గోళమని 499లో చెప్పినవాడు ఆర్యభటుడు. చంద్రగ్రహణం అంటే చంద్రుడి మీద పడిన భూమి నీడేనన్నాడు. మరి మనకు చదునుగా ఎందుకు కనపడుతుందన్న ప్రశ్నకు 1150లో భాస్కరాచార్యుడు జవాబిచ్చాడు: పెద్ద వృత్తం చుట్టుకొలతలో నూరోవంతు చూస్తే తిన్నగానే ఉంటుందని. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు అరిస్టాటిల్ కూడా గ్రహణపు నీడ అంచునే సాక్ష్యంగా చూపాడు. 2025 సెప్టెంబరు 7 చంద్రగ్రహణం రాత్రి రోకళ్లు నిలబెట్టి కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా తలెత్తి చూసి ఉంటే ఆ అంచు వంపు వాళ్లకూ కనపడే ఉంటుంది.

చర్చిలోనూ రెండు రకాలవాళ్లూ ఉన్నారు. ఆరో శతాబ్దంలో కాస్మాస్ అనే వర్తకుడు మోషే గుడారం నమూనాలోనే లోకం ఉందని, భూమి చదునని పెద్ద పుస్తకం రాశాడు. మన మలబారు మిరియాల గురించి రాసిందీ ఆయనే, ఆ ముక్కలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. 725లో ఇంగ్లండులో బీడ్ అనే సన్యాసి భూమి బంతిలా గుండ్రమని రాశాడు. దానికి యెషయాను సాక్షిగా నిలబెట్టలేదు, పగలూ రాత్రీ నిడివి దేశదేశానికీ ఎందుకు మారుతుందో చెప్పాడు.

నాలుగు మూలల ఆయనకు కూడా ఒక మాట. ఈ పేపర్లోనే రోజూ 'రాష్ట్రం నలుమూలల నుంచి' అని వార్తలొస్తాయి. అది చదివి తెలంగాణ చదరంగా ఉందని ఎవరూ పటం గీయలేదు.

అసలు నా బాధ వేరే. 40వ అధ్యాయం ఓదార్పుతో మొదలవుతుంది. బబులోను చెరలో ఇల్లూ ఆలయమూ పోగొట్టుకున్న జనంతో మాట్లాడుతుంది. వాళ్లను ఏలిన బబులోనువాళ్లు మట్టిపలక మీద గీసుకున్న లోకపటం ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నడుమ బబులోను, చుట్టూ ఉప్పు సముద్రపు వలయం. లోకానికి మేమే నడుమ అనుకున్న ఆ రాజుల నెత్తిన, ఆ వలయానికి పైన, దేవుణ్ణి కూర్చోబెట్టి, కింద మనుషులు మిడతల్లా కనపడుతున్నారంటుంది ఆ వచనం. కూలి దొరకని రోజున సభకొచ్చి వెనక చాప మీద కూర్చున్న మనిషికి ఆ మాట కావాలి. ఆ వచనం పేరు మీద అతనికి దక్కుతున్నది మాత్రం శాటిలైట్ ఫొటో.

వచ్చే నెల సభల్లో ఆ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవమని మా అయ్యగారిని అడిగాను. సరేనమ్మా అన్నారు. ప్రొజెక్టరు మాత్రం బుక్ చేసేశారట, అడ్వాన్సు కూడా ఇచ్చారట.