బద్ధకమా? థైరాయిడా?

"వాడికి ఒళ్లు వంగదు", "ఆ పిల్లకు ఎప్పుడూ నిద్రే". హాస్టళ్లలో రోజూ వినబడే మాటలివి. పొద్దున స్టడీ అవర్‌లో కునుకు తీసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టేస్తారు. వాళ్లలో అసలైన బద్ధకస్తులూ ఉంటారు, కాదనం! కాని అందరికీ ఉక్కపోస్తున్నప్పుడు దుప్పటి కప్పుకునేవారు, తిండి పెరగకపోయినా బరువు పెరిగేవారు, జుట్టు ఊడిపోయేవారు, నెలసరి క్రమం తప్పినా ఎవరికీ చెప్పుకోలేని చెల్లెళ్లు కూడా ఉంటారు. ఇలాంటి లక్షణాలు రెండు మూడు కలిసి కనబడితే, తిట్టే ముందు ఒక్క రక్తపరీక్ష చేయించండని మేము అడుగుతున్నాం.

గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోన్‌ను ఎక్కువగా వదిలి దాన్ని అదిలిస్తుంది. అందువల్ల సాధారణంగా రిపోర్టులో టి.ఎస్.హెచ్. పెరిగిందంటే థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని అర్థం. ఈ తిరకాసు తెలియక కంగారుపడేవాళ్లు చాలామంది.

ఇక్కడ మనవాడి గురించి ఒక మాట. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో గాయిటర్ మీద పరిశోధన మొదలుపెట్టారు. అయోడిన్ కలిపిన ఉప్పు ఇస్తే జబ్బు తగ్గుతుందని అక్కడ తేలింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం వచ్చింది. కనుక వంటగదిలో ఉప్పు డబ్బాకు మూత పెట్టించడం చిన్న పనేమీ కాదు. అయితే అయోడిన్ అందుతున్నచోట కూడా ఈ జబ్బు వస్తుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీయడం దానికి ముఖ్య కారణం. దానికి ఉప్పు మందు కాదు. డాక్టరు రాసిన థైరాక్సిన్ మాత్ర వేసుకోవాల్సిందే.

ఖరీదు పెద్దగా లేని మాత్రే. చిక్కంతా వేసుకునే పద్ధతిలో ఉంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు. పాలు, టీ కూడా ఆగాలి. బెల్లు కొట్టగానే టిఫిన్‌కు వరుస కట్టే హాస్టల్లో ఇది అంత తేలిక కాదు. ఆలస్యంగా వచ్చినవారికి టిఫిన్ తీసి ఉంచితే తీరిపోయే సమస్య ఇది! వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. బాగుందనిపించగానే వేసవి సెలవుల్లో మానేస్తే నీరసం మళ్లీ మొదటికొస్తుంది.

అన్నిటికన్నా మాకు బాధ కలిగించేది, మాత్రలను ట్రంకు పెట్టె అడుగున దాచుకోవడం. "తెలిస్తే పెళ్లి కాదు" అనే మాటకు భయపడి మానేసిన ఆడపిల్లలున్నారు. మందు సక్రమంగా వాడేవారు చదువుకుంటారు, ఆడుకుంటారు, పెళ్లయ్యాక పిల్లల్నీ కంటారు. కాబట్టి ఆరోగ్య రిజిస్టరులో ఈ వివరం రాయాలి. దాన్ని ప్రేయర్‌లో అందరి ముందూ చదవకూడదు.

ఈ హాస్టల్లో చదివి నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా, డాక్టర్లుగా స్థిరపడిన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి ఆదివారం ఒక్క పూట రండి. ఎవరికి పరీక్ష అవసరమో చూసి చెప్పండి. ఆసుపత్రికి తీసుకెళ్లే పని మేము చూసుకుంటాం.