కారుచున్న ఇంటిబండి

2024వ సంవత్సరపు వేసవిలో మా యత్తగారు గుంటూరు జిల్లానుండి ఆఱు నెలలు మాతో గడపుటకై వచ్చిరి. మా కాపురము అమెరికాలో టెక్సాసు రాష్ట్రమునందలి డల్లసు నగర ప్రాంతమున. ఆమెకు డెబ్బది రెండేండ్లు, మోకాళ్ళ నొప్పులు. పూటకొక హోటలులో మెట్లెక్కి దిగుట, తన చేతివంట లేకుండుట యామెకు గిట్టవు. అయినను గ్రాండ్ కాన్యన్ అను మహాలోయను జూడవలెనని మాత్రము కోరిక యుండెను. “మళ్ళీ ఈ దేశం వస్తానో రానో” అని యొకనాడు భోజనమువేళ ననిరి. ఆ మాట మా వారి మనస్సున నాటుకొన్నది. పదిదినములు గడువకమున్నే మా వాకిట నొక పాత మోటారుహోము నిలిచెను.

చూడనివారి కొఱకు చెప్పుచున్నాము. మోటారుహోమనగా లారీ చట్రముపై గట్టిన చిన్న యిల్లు. పొయ్యి, మంచములు, మరుగుదొడ్డి, నీటితొట్టి సమస్తము నందే యుండును. మేము దానికి ఇంటిబండి యని పేరు పెట్టితిమి. మాది 1999లో తయారైనది; పొడవు 24 అడుగులు. డ్రైవరు తలపై ముందునకు పొడుచుకొనివచ్చిన చిన్న అర యొకటి కలదు. అందొక పఱుపు, ముందువైపు నొక కిటికీ. పిల్లలిద్దఱును ఆ చోటు తమదేనని తొలినాడే తగవాడుకొనిరి. వెల ఏడువేల డాలర్లు. క్రొత్తదానికి పదింతలకు పైగా కావలయును గావున మా వారు బేరము కుదిరినదని సంతసించిరి.

అమ్మినవాడు లోపలి గోడలకు పూవుల కాగితమంటించి, సుగంధద్రవ్యము ధారాళముగా జల్లియుండెను. తలుపు తీయగనే మాకు మాత్రము ఆ సుగంధము క్రింద మూటగట్టిన తడిబట్టల వాసన సోకినది. చెప్పితిమి. “పాతబండి గదా, కొంత వాసన యుండును” అనిరి మా వారు. పురుషులు బండి కొనునపుడు ఇంజను చప్పుడు విందురు గాని వాసన చూడరు. ఇట్టివి కొనువారు ముక్కు గల యాడదాని నొకతెను వెంటబెట్టుకొని పోవుట మేలు.

జూను మొదటివానకే భోజనపుబల్లపై బొట్లు పడినవి. మా వారు నిచ్చెన వేసికొని పైకెక్కి, బల్లకు సరిగా పైనున్న గాలికంత చుట్టును సిలికాను జిగురు పూసివచ్చిరి. రెండవ వానకును బొట్టు అచ్చటనే పడెను. మఱింత జిగురు పూసిరి. మూడవ వానకు బల్లపై గిన్నె పెట్టవలసివచ్చినది.

అదంతయు వాకిట కుర్చీలో కూర్చుండి చూచుచున్న మా యత్తగారు, “అబ్బాయీ, బొట్టు పడ్డచోటే పెంకు పగిలిందనుకుంటే ఎట్లారా? మన పెంకుటింట్లో మీ నాన్నగారు వాసం వెంబడి చెయ్యి పెట్టుకుని పోయి, నాలుగు మూరల అవతల పగులు పట్టుకునేవారు. నీరు పల్లమెరుగునని ఊరికే అన్నారా?” అనిరి. ఏటేట తొలకరికి ముందు ఇల్లు నేయించిన చేయి యామెది.

ఇంటిబండి కప్పునందును జరుగునది యిదియే. పైన రబ్బరుపొర, దాని క్రింద ప్లైవుడు పలక, దాని క్రింద కఱ్ఱల చట్రము, ఆపైన లోకప్పు. నీరొకచో దూరి కఱ్ఱవెంట ప్రాకి, తనకు వలసినచోట క్రిందికి దిగును. దూరినచోటు తెలియుటకు మార్గ మొకటి కలదు. ఒకరు లోపల దీపము పట్టుకొని యుండవలెను. మఱియొకరు వెలుపల నీటిగొట్టముతో క్రిందినుండి మొదలిడి, ఒక్కొక్క అతుకుకడ పది నిమిషములు నీరు పోయుచు, మెల్లగా పైకి పోవలెను. మొదటనే నెత్తిన కుమ్మరించితిమా, ఏ రంధ్రమునుండి వచ్చినదో తెలియకపోవును. నీరు పైఅర కిటికీకడ కెక్కగనే మా అమ్మాయి లోపలినుండి కేకవేసినది. పూలకాగితము వెనుక నీరు జాలుగా దిగుచుండెను.

కాగితము చింపి చెక్కపై బొటనవ్రేలితో నొక్కి చూచితిమి. వ్రేలు నానిన అట్టలోనికి దిగినట్లు దిగిపోయెను. పఱుపు నెత్తి చూడగా దానిని మోయు రెండు దూలములును నల్లబడి పొడిపొడిగా రాలుచున్నవి. మా పిల్లలు పండుకొనవలసిన చోటది. మాకు కాళ్ళు చల్లబడినవి.

జూలై 20వ తేదీకి ప్రయాణము నిశ్చయమై, అచ్చట బండి నిలుపుటకు చోటును కుదిరియున్నది. “పిల్లలు క్రింద పండుకొందురు, కిటికీకి జిగురు పూసి పోయివత్తము” అని మా వారు. ఆ అరలో నెవరు పండుకొనకున్నను దాని బరువంతయు డ్రైవరు తలపైననే యుండునుగదా, ఆ బండి మేమెక్కము, పిల్లల నెక్కనీయము అని మేము. రెండు దినములు మా యింట మాటలు కరవైనవి. సొమ్మంతయు బండికి పోసి, తల్లి కోరిక తీర్పలేకపోవుదునేమో యన్న దుఃఖము వారిది. అది మాకును దెలియును. మూడవనాడు మా యత్తగారే కొడుకును పిలిచి, “లోయ ఎక్కడికీ పోదురా. నా తిరుగు టిక్కెట్టు సెప్టెంబరులో గదా. ముందు ఇల్లు నేయించు” అనిరి. ప్రయాణము ఆగస్టునకు మాఱినది. రద్దయిన చోటొకటి అదృష్టవశమున దొరకెను.

కుళ్ళిన చెక్కయంతయు, గట్టిచెక్క తగులువఱకు కోసి తీసితిమి. బూజు ధూళి ఊపిరికి చేటు గావున ముక్కున కడ్డుకట్టి, పిల్లలను దూరముంచితిమి. ఇచ్చట మా తప్పు నొకటి చెప్పుకొనవలెను. తొందరచే నాలుగవనాడే క్రొత్తపలక బిగించితిమి. తరువాత తేమ కొలుచు సాధనము తెచ్చి మిగిలిన పాతకఱ్ఱపై నానించి చూడగా 20 శాతమునకు పైగా చూపెను. అంత తడి నిలిచిన చెక్కకు మరల కుళ్ళు పట్టును. బిగించిన పలక నూడదీసి, మఱి తొమ్మిదిదినములు పంకా లుంచి యారబెట్టితిమి. కిటికీని మొత్తముగా నూడదీసి, ఎండిన పాతజిగురు గీకి, చుట్టును బ్యూటైల్ టేపు వేసి మరల బిగించితిమి. కప్పుపై మా వారు పూసిన సిలికానును గీకుటకే రెండుదినములు పట్టెను. పాత సిలికానుపై మఱి యే జిగురును పట్టదు, సిలికానే పట్టదు. రబ్బరుకప్పునకు దానికై చేసిన సీలెంటే వేయవలెను. పెట్రోలు, కిరసనాయిలు వంటివానితో తుడిచితిమేని రబ్బరు ఉబ్బి చెడును.

తక్కిన పనులు త్వరగా ముగిసినవి. నీటితొట్టిలో 15 గాలన్లకు పావుకప్పు చొప్పున బ్లీచు కలిపి, రాత్రియంత నుంచి, వాసన పోవువఱకు కడిగితిమి. గ్యాసు కారినయెడల కూయు యంత్రమునకును ఆయువు కలదని దాని వెనుకనున్న తేదీ చూచి తెలిసికొని మార్చితిమి. టైర్లు చూడ నల్లగా నిగనిగలాడుచుండెను గాని, ప్రక్కనున్న నాలుగంకెలు 1113. అనగా 2013వ సంవత్సరము 11వ వారమున చేసినవి. అరుగకున్నను రబ్బరు వయస్సుచే పగులును. ఆఱు టైర్లును మార్చుట మాకు బండి వెలకంటె నెక్కువ బాధ గలిగించిన ఖర్చు.

ఆగస్టు 17వ తేదీ తెల్లవాఱుజామున బయలుదేఱితిమి. అమరిల్లో, ఆల్బుకర్కీ, ఫ్లాగ్‌స్టాఫు పట్టణములమీదుగా సుమారు 1,700 కిలోమీటర్లు. దారిలో మా యత్తగారు బండిలోనే పప్పుచారు కాచిరి. లోయ దక్షిణపుటంచున మేము దిగిన మాథర్ విడిదిలో విద్యుచ్ఛక్తి లేదు; 30 అడుగులు మించిన బండ్లను రానీయరు. ఆ లోయ 446 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర పైబడిన లోతు. మా యత్తగారు సాయంకాలము దాని యంచున బల్లపై కూర్చుండి, చీకటిపడువఱకు మాటాడలేదు. లేచునపుడు మాత్రము, “మీ మామగారు చూడలేదే” అనిరి.

వేసవి చివర నచ్చటను ఉఱుముల వాన లుండును. ఆ రాత్రి రెండుజాములవేళ కప్పుపై వాన దబదబ కొట్టెను. అందఱము మేల్కొంటిమి. పైఅరలో పిల్లలు మాత్రము నిద్రించుచుండిరి. మేము చేయి చాచి కిటికీ మూలను తడవితిమి, పొడిగా నున్నది. మా వారు మా ముఖమువంక చూచిరి. అంతలో మరుగుదొడ్డివైపున టప్పుమని చప్పుడైనది. మా యత్తగారు లేచి, స్టీలుగ్లాసొకటి దాని క్రింద పెట్టివచ్చి, “అబ్బాయీ, పొద్దున చూద్దువుగానిలే. బొట్టు పడ్డచోట మాత్రం వెతకకు” అని పండుకొనిరి.

తెల్లవాఱినపిమ్మట మా వారు పైకెక్కి, అచ్చటికి మూడడుగుల యవతల, టెలివిజను ఏంటెన్నా మొదట సన్నని పగులు కనుగొనిరి. సీలెంటు డబ్బా సగము మిగిలియే యుండెను.