బోరు నీటి భయంతో దాహాన్ని చంపుకోవద్దు

నెల క్రితం హైదరాబాదులోని మా వైద్యశాలకు నలభై ఏళ్ళ గృహిణి ఒకరు వచ్చారు. నడుము నుంచి పొత్తికడుపు దాకా పొడిచినట్లు నొప్పి. స్కానింగ్‌లో ఎడమ మూత్రపిండంలో 6 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. ఆహార విహారాలు విచారించగా, ఆమె రోజుకు నాలుగు గ్లాసుల నీరు మాత్రమే తాగుతున్నట్లు తెలిసింది. కారణమడిగితే, "మా అపార్టుమెంటులో బోరు నీళ్ళేనండీ. అవి తాగితే రాళ్ళు కడతాయని తగ్గించేశాను" అన్నారు. ఎవరు చెప్పారమ్మా అన్నాను. ఆమె కొంచెం సంకోచించి, "మా అత్తగారికి పదేళ్ళ క్రితం మీరే చెప్పారట కదండీ" అన్నారు.

నిజమే. గీజరు కడ్డీకి పట్టిన సున్నపు పెచ్చును ఉదాహరణగా చూపి, ఆ మాట నేను ఎందరికో చెప్పాను. నీరు తాగడం మానమని ఎన్నడూ అనలేదు. అయినా వైద్యుడు కలిగించిన భయం ఏ దారిన పోతుందో చూసుకోవలసిన బాధ్యత వైద్యునిదే. అందుకే ఈ నాలుగు మాటలు.

మూత్రపిండాలలోని రాళ్ళలో అధిక భాగం కాల్షియం ఆక్సలేటుతో ఏర్పడతాయి. కఠిన జలంలోనూ కాల్షియం ఉన్నది కనుక ఆ నీరే రాయిగా మారుతుందని అనుకోవడం సహజం. కాని శరీరం పనిచేసే తీరు వేరు. ఆహార పానీయాలలోని కాల్షియం ప్రేగులలోనే ఆక్సలేటును పట్టుకొని మలంతో బయటికి పంపుతుంది. కాల్షియాన్ని మరీ తగ్గించినవారిలో రాళ్ళు పెరిగే అవకాశమే ఎక్కువని నేటి వైద్యశాస్త్రం తేల్చింది. రాళ్ళకు ముఖ్య కారణాలు తక్కువ నీరు తాగడం, ఉప్పు ఎక్కువగా తినడం, ఎండకు చెమటలు పట్టి మూత్రం చిక్కబడడం, వంశపారంపర్య స్వభావం. రాళ్ళు కట్టే స్వభావమున్నవారికి రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం పోయేంతగా నీరు తాగడం అవసరం. గుండె జబ్బు, మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారు మాత్రం తమ వైద్యుడు చెప్పిన కొలతనే పాటించాలి. కొండపిండి కషాయమైనా, ఉలవకట్టు అయినా నీరు మానినవారికి చేయగల మేలు స్వల్పం. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం బిగిసినా ఇంటి వైద్యంతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మన శాస్త్రం కూడా బావినీటిని విషమని చెప్పలేదు. సుశ్రుతాచార్యుడు వర్షజలాన్ని శ్రేష్ఠమని చెప్పి, నదీజలం, తటాకజలం, కూపజలం అంటూ భూమిపై లభించే నీటిని విభజించాడు. కూపజలం క్షారంతో కూడినది, పిత్తాన్ని పెంచేది అంటూనే, అది కఫాన్ని హరిస్తుందని, జఠరాగ్నిని దీపింపజేస్తుందని కూడా చెప్పాడు. ప్రతి నీటికీ గుణమూ ఉన్నది, దోషమూ ఉన్నది.

ఇక్కడ మరొక జాగ్రత్త. నీటిని సగానికో, పావుకో మరిగించి తాగాలన్న శాస్త్రోక్త విధిని కొందరు బోరు నీటికి కూడా వర్తింపజేస్తున్నారు. కాచినప్పుడు తాత్కాలిక కాఠిన్యం గిన్నె అడుగున తెల్లని పొరగా దిగుతుంది. శాశ్వత కాఠిన్యాన్ని కలిగించే లవణాలు పోవు; నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడతాయి. కాబట్టి బోరు నీటిని కొద్ది నిమిషాలు తెర్లించి, చల్లార్చి, వడకట్టుకుంటే చాలు. చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి దిగుతుందే కాని, నీటిలో కరిగిన లవణాలు పోవు.

హైదరాబాదు నల్లరాతి నేల మీద వెలసిన నగరం. 1908 నాటి మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల నీరు, ఆపైన వచ్చిన మంజీర, కృష్ణా, గోదావరి జలాలు బోరు నీటికంటే సాధారణంగా మృదువైనవి. బోరు నీరు రాతి పగుళ్ళలో నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. రెండూ వచ్చే ఇళ్ళలో కుళాయి నీటిని తాగడానికి, వంటకు ఉంచి, బోరు నీటిని తక్కిన పనులకు వాడడం ఉత్తమం.

బోరు నీటితో ఇంట్లో కలిగే ఇబ్బందులు నిజమైనవే. కందిపప్పు ఉడకదు. దానిని రాత్రే మంచినీటిలో నానబెట్టి ఆ నీటితోనే ఉడికించండి. వంటసోడా వేస్తే త్వరగా మెత్తబడుతుంది కాని బి విటమిన్లు నశిస్తాయి. సబ్బు నురగ రాదు. జిడ్డు తెట్టెగా మారి చర్మానికి, జుట్టుకు పడుతుంది. జుట్టు బిరుసెక్కి చిట్లుతుంది, కాని బట్టతల రాదు. కుంకుడు రసానికి ఆ తెట్టె కట్టే స్వభావం లేదు. కనుక తలకు కుంకుడు, ఒంటికి పెసరపిండి నలుగు శ్రేయస్కరం. చివరి చెంబు నీటిలో కొంచెం నిమ్మరసం పిండుకుంటే మిగిలిన జిడ్డు కూడా వదులుతుంది. కుళాయిలపై పట్టిన తెల్లని పెచ్చుకు చింతపండు గుజ్జు, బట్టలు నానబెట్టే నీటికి కొద్దిగా చాకలి సోడా ఉపయోగపడతాయి.

అయితే నాలుకకు, సబ్బుకు తెలియని దోషం ఒకటి ఉన్నది. అది ఫ్లోరైడు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించిన ఫ్లోరోసిస్ వ్యాధి, తరువాత నల్లగొండలో తరాలను వంచివేసింది. ఫ్లోరైడు కాచినా పోదు. అది ఎక్కువగా ఉన్న నీరు తరచు మృదువుగా ఉండి, సబ్బుకు చక్కగా నురగ ఇస్తుంది. కాబట్టి పరీక్ష లేకుండా నీటిని మంచిదనరాదు, చెడ్డదనరాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో కాఠిన్యం 200 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిది. వేరే ఆధారం లేనిచోట కాఠిన్యాన్ని 600 వరకు, ఫ్లోరైడును 1.5 వరకు అనుమతిస్తారు.

పొరుగువారు కొన్నారని ఆర్.ఓ. యంత్రం కొనేముందు ఈ పరీక్ష చేయించండి. ఫ్లోరైడో, లవణాలో హద్దు మీరితే ఆ యంత్రం అవసరమే. హద్దులో ఉంటే, శరీరానికి పనికివచ్చే ఖనిజాలను తీసివేసి, మనకిచ్చే నీటికంటే ఎక్కువ నీటిని కాలువ పాలు చేసే యంత్రానికి డబ్బు పోయడం దేనికి?

ఆ గృహిణికి నీరు పెంచమని, ఉప్పు తగ్గించమని, బోరు నీటిని పరీక్ష చేయించమని చెప్పి పంపాను. వారి అత్తగారికి కూడా, నేను పదేళ్ళ క్రితం చెప్పిన మాట సరికాదని, నా మాటగానే చెప్పమన్నాను.