మార్చిన వాచీ, చెప్పవలసిన మాట

గత సంక్రాంతి సెలవులకు మా ఇంటికి వచ్చిన మేనల్లుడు, భోజనాలైన తరువాత బల్లమీద తెల్లని గుడ్డ పరచి, కంటికి భూతద్దం బిగించుకొని కూర్చున్నాడు. బెంగుళూరులో ఇంజనీరుగా పనిచేస్తున్న ఆ యువకుడికి కొంతకాలంగా ఒక వింత వ్యాసంగం అలవడినది. వాచీలు విప్పి, వాటి డయళ్లు, ముళ్లు, అద్దాలు మార్చి, తన అభిరుచికి తగిన రూపం కల్పించడమే ఆ వ్యాసంగం. మూడేళ్లపాటు చవక వాచీలతో చేయి తిరిగిన తరువాత, జీతంలో కూడబెట్టి కొన్న స్విట్జర్లాండు వాచీని ఇప్పుడు తొలిసారి విప్పదలచాడు.

"మామయ్యా, దీని నల్ల డయల్ తీసి నీలిరంగుది పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని అడిగాడు.

వెంటనే బదులు చెప్పలేకపోయాను. కారణం నా మణికట్టుమీదనే ఉన్నది. దాని సంగతి చివర మనవి చేస్తాను.

ఈ వ్యాసంగానికి నేడు ప్రపంచమంతటా అభిమానులున్నారు. వారిలో చాలామందికి తొలి బడి జపాను దేశపు సీకో వాచీ. 1996లో వెలువడి 2019 వరకు తయారైన ఎస్‌కెఎక్స్ 007 అనే ఈతగాళ్ల వాచీ ఇందుకు పేరుమోసినది. దాని యంత్రం గట్టిదే కాని, కీ తిప్పి స్ప్రింగు బిగించే వసతి అందులో లేదు. చేతి కదలికతోనే అది నడవాలి. అందుచేత అభిమానులు దానిని తొలగించి, అదే కంపెనీ కుటుంబానికి చెందిన ఎన్‌హెచ్ 35 యంత్రాన్ని అమర్చుతారు. ఇది గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది. స్ప్రింగు పూర్తిగా బిగిస్తే సుమారు 41 గంటలు నడుస్తుంది. దీనికి సరిపోయే డయళ్లు, ముళ్లు లెక్కలేనన్ని రకాలుగా దొరుకుతాయి.

పని చూడడానికి సులువే కాని, ఓర్పు కావాలి. డయల్ వెనుక సన్నని రెండు కాళ్లుంటాయి. అవి యంత్రంలోని రంధ్రాలతో సరిపోలకపోతే ఆ డయల్ ఎంత అందమైనదైనా నిరుపయోగమే. ముళ్లు పెట్టేముందు కీ తిప్పుతూ తేదీ మారే క్షణాన్ని పట్టుకోవాలి. ఆ క్షణమే అర్ధరాత్రి. అప్పుడు గంటల ముల్లును, నిమిషాల ముల్లును పన్నెండుపై నిలిపి నొక్కాలి. లేకపోతే మధ్యాహ్నభోజన వేళకు తేదీ మారే వాచీ తయారవుతుంది. ముళ్లు ఒకదానికొకటి తగలరాదు. అద్దం మూసిన తరువాత లోపల ఒక్క ధూళికణం కనిపించినా మళ్లీ మొదటికి రావలసినదే. మూత చుట్టూ ఉండే రబ్బరు వలయాన్ని మార్చి, పరీక్ష చేయించనిదే ఆ వాచీతో నీటిలో దిగరాదు.

ఒక్క ప్రమాదాన్ని మాత్రం తేలికగా తీసుకోరాదు. 1960లకు పూర్వపు వాచీలలో చీకటిలో వెలిగే అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవారు. ఆ వెలుగు ఏనాడో ఆరిపోయి ఉండవచ్చు. రేడియం మాత్రం ఆరలేదు. దాని శక్తి సగానికి తగ్గడానికే దాదాపు 1600 సంవత్సరాలు పడుతుంది. అటువంటి డయల్‌ను గీకితే రాలే పొడి శ్వాసతో లోపలికి పోతుంది. తాతల నాటి వాచీని ఇంటి బల్లమీద విప్పే ఉత్సాహం పనికిరాదు.

చవక వాచీ చెడితే కొద్ది నష్టంతో పోతుంది. విలువైన వాచీ విషయం వేరు. అక్కడ ఒక్కొక్క భాగానికీ ఒక చరిత్ర, ఒక ధర ఉన్నవి. 1960లలో రోలెక్స్ కంపెనీ తన డేటోనా వాచీలలో కొన్నింటికి ఒక విచిత్రమైన డయల్ అమర్చినది. ఆ రోజులలో దానిని ఇష్టపడినవారు తక్కువ. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన అటువంటి వాచీ 2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికినది. నటుని కీర్తి ఆ ధరను పెంచిన మాట నిజమే. అయినా అతని పేరుతోనే పిలువబడే ఆ డయల్ ఉంటే ఒక ధర, మామూలు డయల్ ఉంటే అంతకు ఎంతో తక్కువ ధర. ఇక డయల్ మార్చడం వ్యాసంగంగానే మిగులుతుందా?

మిగలలేదు. 2021 నవంబరులో జెనీవా నగరంలో 1957 నాటిదిగా చెప్పబడిన ఒమెగా స్పీడ్‌మాస్టర్ వాచీ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా వేలంలో అమ్ముడుపోయినది. కొన్నది మరెవరో కాదు, తన మ్యూజియం కోసం ఒమెగా కంపెనీయే. 2023లో ఆ కంపెనీయే అది వేర్వేరు వాచీల భాగాలు ఏరి కూర్చినదని, ఆ వ్యవహారంలో తన పూర్వ ఉద్యోగుల ప్రమేయమున్నదని ప్రకటించినది. భాగాలలో అధికం అసలైనవే! అబద్ధమైనది వాటి కూర్పు గురించి చెప్పిన కథ.

అమెరికా న్యాయస్థానాలు ఈ తేడాను స్పష్టంగా చూపినవి. కొలరాడో రాష్ట్రంలో ఒక చిన్న సంస్థ పూర్వకాలపు హామిల్టన్ జేబు గడియారాల యంత్రాలను బాగుచేసి, కొత్త చేతి వాచీలలో అమర్చి అమ్మేది. పేరు తమదని హామిల్టన్ కంపెనీ దావా వేసినది. యంత్రం ఎక్కడిదో, వాచీ ఎవరు కూర్చినదో ఆ చిన్న సంస్థ దాచకుండా చెప్పినదని, కొనేవాడు భ్రమపడే అవకాశం లేదని 2021లో అప్పీలు న్యాయస్థానం దానికే అనుకూలంగా తీర్పిచ్చినది. మరొక కేసులో, పాత రోలెక్స్ వాచీలకు ఇతరుల భాగాలు విస్తారంగా తగిలించి అదే పేరుతో అమ్మిన టెక్సాస్ వ్యాపారికి 2024లో ఓటమి తప్పలేదు. రెండుచోట్లా భాగాలు మారినవి. ఒకచోట కొనేవాడికి నిజం తెలిసినది. మరొకచోట పాత పేరే ముందు నిలిచినది.

మన దేశంలోనూ ఈ ముచ్చట ఉన్నది. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ ప్రారంభమైనది. ఆ పాత వాచీలకు మెరిసే రంగుల డయళ్లు వేసి, ముంబయి బజారులలోనుంచి దేశదేశాలకు అమ్ముతున్నారు. యంత్రం అసలైనదే, ముఖం మాత్రం నిన్నటిది. అలా చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. పాతది, తాకనిది అని అమ్మినప్పుడే చిక్కు.

మా మేనల్లుడికి ఇదంతా చెప్పి, చివరకు ఇలా అన్నాను: "వాచీ నీది, చేయి నీది. నీలం డయల్ పెట్టుకో. కాని మూడు పనులు చేయి. తీసిన భాగాన్ని పారవేయకు. తిరిగి సరిచేయలేని పని, అంటే కేసును అరగదీయడం, రాళ్లు పొదగడానికి తొలచడం వంటివి చేయకు. ఏమి మార్చావో, ఎప్పుడు మార్చావో రాసిపెట్టు. ఇకమీదట ఆ కంపెనీ సర్వీసువారు దానిని ముట్టుకోకపోవచ్చునని కూడా తెలుసుకో."

"ఇంత గట్టిగా చెబుతున్నారేమిటి మామయ్యా?" అన్నాడు నవ్వుతూ.

నా చేతి వాచీ విప్పి అతని ముందు పెట్టాను. అది మా నాన్నగారు 1974లో కొన్న హెచ్.ఎం.టి. జనతా. ఆయన పోయిన తరువాత ఒక రిపేరు దుకాణంలో ఇచ్చి, "కొత్తదిలా చేసిపెట్టండి" అన్నాను. అతడు నేను చెప్పినట్టే చేశాడు. పసుపుబారిన డయల్, దానిమీద ఆరు అంకె దగ్గర నీరు దిగి ఏర్పడిన మచ్చ, రెండూ పోయినవి. ఒక వర్షాకాలంలో నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకొని వాగు దాటినప్పుడు పడిన మచ్చ అది. పాత డయల్ ఇవ్వమని అడగాలని నాకు తోచలేదు. వారం తరువాత వెళ్లేసరికి చెత్తలో కలిసిపోయినది.

మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు తన వాచీకి నీలం డయల్ అమర్చాడు. పని ఎంతో చక్కగా కుదిరినది. నల్ల డయల్‌ను మెత్తని కాగితంలో చుట్టి చిన్న డబ్బాలో పెట్టి, తేదీ వేసి చీటీ రాశాడు.

అదే కాగితంలో మరొక ముక్క చించి, నేనూ ఒక చీటీ రాశాను: "ఈ వాచీ యంత్రం నాన్నగారిది. డయల్ ఆయనది కాదు. నేను మార్పించాను." దానిని వాచీ పెట్టెలో ఉంచాను. రేపు ఈ వాచీ ఎవరి చేతికి వచ్చినా ముందు ఆ చీటీ చదువుతారు.