పుంత ఇంకా ఉన్న చోట

అగ్నిపర్వతం కక్కిన మట్టి ఎర్రగా ఉంటుందని చదివాను. అది మా గోదావరి జిల్లాలో ఊరి రోడ్డుకి పోసే గ్రావెల్‌ లాగే ఉంటుందని మాత్రం, మొన్న జూన్‌లో సైకిలు దిగి పిడికిట్లోకి తీసుకున్నాకే తెలిసింది. అదే ఎరుపు, అదే గరుకు. తేడా బరువులో ఉంది. గుప్పెడు రాళ్లు పట్టుకుంటే బొరుగులు పట్టుకున్నట్టుంది. రాయి నిండా గాలి బుడగలే. ఫ్రాన్స్‌ నడిమధ్యన, క్లెర్మాన్‌-ఫెరాన్‌ ఊరికి పడమటి గట్టు మీద ఉన్నాం. వెంట మా అక్క కొడుకు. అక్కడే చదువుకుంటున్నాడు. "దీన్ని పుజొలాన్‌ అంటారు మావయ్యా, చలికాలం మంచు పడితే రోడ్ల మీద చల్లేది ఇదే" అన్నాడు.

ఆ గట్టు మీద ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు పొడవున దాదాపు 80 అగ్నిపర్వతాలు వరసగా కూర్చుని ఉంటాయి. కొన్నింటి నెత్తిన గిన్నెలాంటి గుంట, కొన్ని బోర్లించిన బుట్టలు. చివరిసారి ఇక్కడ నిప్పు రేగి ఎనిమిది వేల ఏళ్లు దాటింది. 2018లో యునెస్కో ఈ వరసని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భూగర్భ శాస్త్రజ్ఞులకి ఇది పాఠ్యపుస్తకం. సైకిలు తొక్కేవాడికి వేరే లాభం ఉంది. ఈ బుడగల రాయి నీటిని నిలవనివ్వదు. రాత్రంతా వాన కొట్టినా తెల్లారేసరికి దారి గట్టిపడి ఉంటుంది. కిందికి దిగిన ఆ నీరే రాతి పొరల్లో వడకట్టుకుని వోల్విక్‌ ఊరి దగ్గర పైకి వస్తుంది, సీసాల్లో దేశదేశాలకి పోతుంది.

మేం తొక్కినవి గ్రావెల్‌ సైకిళ్లు. చూడ్డానికి వంపు హ్యాండిలున్న రేసు సైకిళ్ల లాగే ఉంటాయి గానీ టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు, ఆ పైన. అందులో గాలి తక్కువ పెడతారు. గట్టిగా కొట్టిన టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది. మెత్తటి టైరు రాయిని కడుపులోకి తీసుకుని ముందుకు పోతుంది. ఈ టైరు కథలో క్లెర్మాన్‌కి పెద్ద వాటా ఉంది. 1880ల చివర డన్లప్‌ గాలి టైరు వచ్చినప్పుడు దాన్ని చక్రానికి జిగురుతో అతికించేవారు. పంక్చరు పడితే పూట గడిచేది, ఆ పైన జిగురు ఆరాలి. క్లెర్మాన్‌లో రబ్బరు కార్ఖానా నడిపే మిషెలిన్‌ సోదరులు 1891లో ఊడదీసి మళ్లీ బిగించుకునే టైరు చేశారు. ఆ ఏడే షార్ల్‌ తెరాన్‌ ఆ టైర్ల మీద పారిస్‌ నుంచి బ్రెస్ట్‌ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. పన్నెండు వందల కిలోమీటర్లు, 72 గంటల లోపే. ఆ రోజుల్లో ఎక్కడున్నాయి తారు రోడ్లు? అతను తొక్కిందీ మట్టీ కంకరే.

రెండో రోజుకి సాన్సీ కొండలు దాటాం. దాటాం అని ఒక్క మాటలో రాసేశాను గానీ, ఆ ఎక్కుళ్లు తొడలకి తెలుసు. ప్యూయి ద సాన్సీ 1,885 మీటర్లు, ఆ ప్రాంతంలో అదే ఎత్తైనది. మేం శిఖరం జోలికి పోలేదు, భుజాల మీదుగా వెళ్లాం. పవేన్‌ అనే సరస్సు దగ్గర ఆగాం. అగ్నిపర్వతం పేలిన గుంటలో నిండిన నీళ్లు, తొంభై మీటర్ల లోతు, గుండ్రంగా, నల్లగా. అక్కడ్నుంచి దక్షిణానికి సెజాలియే పీఠభూమి మొదలవుతుంది. నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించే.

సెజాలియేలో చెట్లు లేవు. ఎత్తు పన్నెండు వందల మీటర్లకి తగ్గదు. లావా పారి గడ్డకట్టిన బల్లపరుపు నేల, దాని మీద గడ్డి, గడ్డిలో పసుపుపచ్చ పూలు, ఆ పైన ఆకాశం. అంతే. మే చివర్లో కింది ఊళ్ల నుంచి ఆవుల్ని తోలుకొచ్చి ఇక్కడ వదులుతారు, చలి మొదలయ్యాక తోలుకుపోతారు. సలేర్‌ జాతి ఆవులు ముదురు ఎరుపు. కొమ్ములు వీణ మెడలా వంపు తిరిగి ఉంటాయి. దారికి అడ్డంగా పడుకుని ఉంటే సైకిలు దిగి, చుట్టు తిరిగి వెళ్లాలి. వాటిని లేపకూడదు. అక్కడక్కడా రాతి గుడిసెలు. వేసవిలో పశువుల కాపర్లు అందులోనే ఉండి, పితికిన పాలని అక్కడికక్కడే జున్నుదిమ్మలు కట్టేవారు. బ్యురోన్‌ అంటారు వాటిని. ఇప్పుడు చాలావాటికి పైకప్పులు కూలిపోయాయి.

దారి ఒక్కో పచ్చిక బయలు దాటినప్పుడల్లా కంచెకి ఒక తలుపు. తియ్యాలి, వెళ్లాలి, వేసెయ్యాలి. ఆ పొద్దున ఇరవై తలుపులైనా వేసి ఉంటాం. ఎనిమిదింటికి బయల్దేరితే మధ్యాహ్నం దాకా మాకు ఎదురైంది ఒకే ఒక్క ట్రాక్టరు. అది నడిపే పెద్దావిడ ఇంజను ఆపి, మా వాణ్ణి ఏదో అడిగింది. ఎక్కణ్ణుంచి వచ్చారనీ ఎటు పోతున్నారనీ కాదట. తలుపు వేశారా అని.

కారు లేని దారి మీద మొదట మారేది చెవి. హైదరాబాద్‌లో సైకిలెక్కితే నా చెవులు రెండూ వెనక్కే ఉంటాయి, ఏ లారీ మీదికొస్తుందోనని. ఇక్కడ గంట తర్వాత భుజాలు కిందికి దిగాయి. టైరు కింద రాళ్ల చప్పుడు, వానకోయిల కూత, ఎక్కడో ఆవు మెడలో గంట వినబడటం మొదలైంది. నేను అరవై దాటిన మనిషిని. రోడ్డు మీద భయం లేకుండా సైకిలు తొక్కి ఎన్నేళ్లయిందో లెక్క వేసుకుంటే, ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది.

ఈ నిర్మానుష్యం వెనక బాధ కూడా ఉంది, దాన్ని దాచి అందం గురించి మాత్రమే రాయడం తప్పు. ఈ పీఠభూమిలో కొంత భాగం కాంతాల్‌ జిల్లాలోది. 19వ శతాబ్దిలో అక్కడ రెండున్నర లక్షల మంది ఉండేవారు. ఇప్పుడు లక్షన్నర లోపే. పొట్ట చేతబట్టుకుని పారిస్‌ వెళ్లారు. బొగ్గు మోశారు, నీళ్లు మోశారు, తర్వాత కాఫీ కొట్లు పెట్టుకున్నారు. మనుషులు పోయిన చోట దారులు కూడా చచ్చిపోవాలి కదా, ఎలా మిగిలాయి?

ఫ్రాన్స్‌లో ఇలాంటి దారికి 'షెమిన్‌ రూరాల్‌' అని పేరు. ఊరి పంచాయతీ సొత్తు, జనం నడవడానికి ఉద్దేశించింది. అక్కడి గ్రామీణ చట్టంలో ఒక మాట నన్ను ఆకట్టుకుంది. జనం ఆ దారిన నడుస్తూ ఉండటమే, అది జనం దారి అనడానికి ఆధారమట. పట్టా చూపించనక్కర్లేదు, పాదం చూపిస్తే చాలు. వాడుక పూర్తిగా ఆగిపోతే తప్ప, అదీ బహిరంగ విచారణ జరిపితే తప్ప, పంచాయతీ దాన్ని అమ్మడానికి లేదు. అలాగని అక్కడి రైతులందరూ ధర్మరాజులని కాదు. ఏటా నాగలితో ఒక చాలు దారిలోకి జరిగే మనిషి ఆ దేశంలోనూ ఉన్నాడు. ముప్ఫై ఏళ్లు ఎవరూ అడక్కపోతే అది అతనిదే అయిపోయేది. దారుల లెక్క తీసుకునే పంచాయతీలకి ఆ గడువు ఆగేలా 2022లో చట్టం మార్చారు. ఈ కొండల గుండా మధ్యధరా సముద్రం దాకా పద్నాలుగు వందల కిలోమీటర్ల సైకిలు మార్గం ఒకటి ఉంది. అందులో చాలా మేర ఇలాంటి పాత దారులే. గుర్తు పలకలు తగిలించి కలిపారు.

మొదట చెప్పిన అగ్నిపర్వతాల వరసలో అందరికీ తెలిసిన కొండ ప్యూయి ద దోమ్‌. 1964లో టూర్‌ ద ఫ్రాన్స్‌ పోటీలో ఆన్‌కెతీల్‌, పులిదోర్‌ భుజం భుజం రాసుకుంటూ ఎక్కింది అక్కడే. 2012లో పళ్లచక్రాల రైలు వేశాక కొండెక్కే ఆ రోడ్డు సైకిళ్లకి మూసేశారు. 2023లో టూర్‌ ద ఫ్రాన్స్‌ కోసం ఒక్క రోజు తెరిచారు. పేరున్న రోడ్డు పోయింది. పేరులేని పుంతలు ఉన్నాయి.

పుంత అనే మాట అప్రయత్నంగా వచ్చింది. కృష్ణా గోదావరి ఊళ్లలో పుంత, మరికొన్ని చోట్ల డొంక, తెలంగాణలో బండ్ల బాట, నక్ష బాట. మనకి పేర్లు తక్కువ కాలేదు. మాది కొవ్వూరు పక్క. మాకు దగ్గర్లోని గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో తవ్వే నల్లరాయి కూడా లావాయే, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. చిన్నప్పుడు అన్నయ్య వెనక క్యారియరు మీద కూర్చుని చెరువుగట్టుకి వెళ్లిన పుంత ఆ కంకర మీదే ఉండేది. ఇప్పుడు సగం దూరం సిమెంటు వేశారు, దాని మీద లారీలు తిరుగుతున్నాయి. మిగతా సగం పొలాల్లో కలిసిపోయింది.

నగరానికి సైకిలు ట్రాక్‌ కావాలి, కాదనను. హైదరాబాద్‌లో 2023లో ఔటర్‌ రింగు పక్కన సోలార్‌ కప్పు కింద 23 కిలోమీటర్లు వేశారు, బాగుంది. అక్కడిదాకా సైకిలు మీద వెళ్లడమే కష్టం. అయితే నేను అడుగుతున్నది కొత్తది కట్టమని కాదు. ప్రతి రెవెన్యూ గ్రామం పటంలో జంట చుక్కల గీతగా ఇప్పటికే ఉన్న దారిని తిరిగి తెరవమని. తెరిచాక అన్నిటికీ సిమెంటు పొయ్యొద్దు. గట్టి గ్రావెల్‌, పక్కన కాలువ, లారీలు దూరకుండా ఒక రాతి స్తంభం చాలు. ఎడ్లబండి పడుతుంది, ట్రాక్టరు పడుతుంది, బడికెళ్లే పిల్ల సైకిలు నిశ్చింతగా పడుతుంది.

ఊరొచ్చాక మా పుంత పొలం కొలతల పటం (ఎఫ్‌ఎంబీ) నకలు తీయించాను. వెడల్పు 30 లింకులని ఉంది, అంటే ఇరవై అడుగులకి కాస్త తక్కువ. ఆదివారం పొద్దున్నే మా వీధి పిల్లలు నలుగురు సైకిళ్లు తెచ్చారు. సిమెంటు అయిపోయిన చోట దిగి, జొన్నచేలో గట్టు వెంట నెట్టుకుంటూ చెరువు దాకా వెళ్లాం. చేను గలాయన చూశాడు, ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం కూడా వెళ్తాం.