సంయోగములు: సూత్రమునకు ముందు యోచన

ప్రస్తారములు, సంయోగములు అను అధ్యాయము రాగానే మన విద్యార్థులలో పెక్కుమంది సూత్రములను కంఠస్థము చేసి, పరీక్షనాడు దేనిని వాడవలెనో తోచక తికమకపడుచున్నారు. ఇది తెలివితేటల లోపము కాదనియు, చదువులో యోచనకు చోటు తగ్గుటయే కారణమనియు మా అభిప్రాయము.

గుంటూరు మిరప యార్డులో ఎనిమిది టిక్కీలున్నవనుకొందము. నాణ్యము చూచుటకు మూడింటిని విప్పవలెను. ఏది ముందు విప్పినను అవే మూడు. కనుక 8×7×6, అనగా 336ను, ఆ మూడింటి అమరికలైన 6 చేత భాగింపగా 56 విధములు. వానికే ప్రథమ, ద్వితీయ, తృతీయ స్థానములిచ్చినచో 336 విధములు. క్రమము లెక్కకు వచ్చునా, రాదా? ఇదియే మొదటి ప్రశ్న. ఉర్దూ సోదరులు తర్తీబు అనునది ఈ క్రమమునే.

ఇంకొక లెక్క. తెలుగు శాఖలో ఆరుగురు, ఉర్దూ శాఖలో ఐదుగురు విద్యార్థులున్నారు. ప్రతి శాఖనుండి కనీసమొక్కరుండునట్లు నలుగురి సంఘమును ఎన్ని విధముల ఏర్పరుపవచ్చును? తొందరపడువారు ముందుగా శాఖకొక్కరిని 6×5 విధముల ఎన్నుకొని, మిగిలిన తొమ్మిదిమందినుండి ఇద్దరిని 36 విధముల చేర్చి, 1080 అందురు. కాని ఏ నియమమును లేకయే పదకొండుగురినుండి నలుగురిని ఎన్నుకొన్నను 330 సంఘములే! ఇద్దరిద్దరున్న సంఘము నాలుగు మారులు, ఒక శాఖవారు ముగ్గురున్న సంఘము మూడు మారులు లెక్కకు వచ్చుటయే ఇందలి దోషము. 330 నుండి కేవలము తెలుగు శాఖవారి సంఘములు 15, కేవలము ఉర్దూ శాఖవారివి 5 తీసివేయగా 310 వచ్చును.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున సంయోగముల సూత్రము చెప్పి, షడ్రసముల కలయికలను ఉదాహరణముగా నిచ్చెను. ఒక్కటి మొదలు ఆరింటి వరకు కలుపగా అవి 63. ఆ గ్రంథమును తెనిగించిన పావులూరి మల్లన మన కమ్మనాటివాడు. 13వ శతాబ్ది తొలినాళ్లలో మరాకేషులో ఇబ్ను మున్‌ఇమ్ పది రంగుల పట్టుదారములతో ఎన్ని విధముల కుచ్చులు కట్టవచ్చునో లెక్కించెను. భాస్కరాచార్యుని లీలావతిని 1587లో ఫైజీ పారసీలోనికి తెచ్చెను. విద్య ఒక భాషనుండి మరొక భాషకు ఇట్లు నడచినది.

పరీక్షల ఒత్తిడిలో ఇంత యోచనకు వ్యవధి ఎక్కడిదని కొందరనవచ్చును. సూత్రమును తప్పుగా వాడి పోగొట్టుకొను మార్కులకంటె ఆ వ్యవధి ఎక్కువ కాదు. కళాశాల సంఘమువారికి మా మనవి ఇది: వారమునకొక గంట తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలిసి కూర్చుండి, తమ తమ మాటలలో ఇట్టి లెక్కలను చర్చించు ఏర్పాటు చేయవలెను. ఇంగ్లీషు పదము తెలియనంత మాత్రమున తనకు గణితము రాదనుకొని విడిచిపెట్టు విద్యార్థి ఒక్కడు నిలిచినను ఆ గంట సార్థకము.

విద్యార్థులకును ఒక మాట. సంఖ్యలు పెద్దవైనప్పుడు, ముందు చిన్నవి తీసుకొని పేరుపేరున వ్రాసి చూడుడు. ఒకే గుంపు రెండుమారులు కనిపించినచో అక్కడనే ఆగుడు. సూత్రము అటుపిమ్మట.